ఆ గడిలో పెట్టిన టిక్కు

ఈ నెల జెద్దా కార్నిష్ సాయంత్రాల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. సగం రాశాను కూడా. కానీ దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఏడాదికి పైగా రాద్దామా వద్దా అని నాలో నేనే కొట్టుకుంటున్న సంగతి ఇది. రాయకపోవడానికి కారణం ఒకటే. ఇందులో నేనేమీ మంచిదాన్ని కాదు.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సునని పాత చదువరులకు తెలుసు. ఎక్కువ రోజులు ట్రయాజ్ డెస్కులోనే నా డ్యూటీ. ట్రయాజ్ అంటే లోపలికి వచ్చిన మనిషిని రెండు మూడు నిమిషాల్లో చూసి, ఎవరు ముందు, ఎవరు తరవాత అని అంకె వేయడం. ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది. ఒకటి అంటే ఊపిరి పోతోంది, పరుగెత్తాలి. ఐదు అంటే రెండు గంటలు కూచున్నా ఏం కాదు. ఈ కొలబద్ద కెనడాలో తయారైంది, సౌదీ ఆసుపత్రుల్లో చాలావాటిలో దీన్నే వాడతారు. ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. వేసిన అంకె రాతి మీద గీత కాదు. మూడో నంబరు వేసిన పేషెంటుని 30 నిమిషాలకోసారి మళ్లీ చూడాలి, నాలుగైతే గంటకోసారి. పది గంటలకు మూడు అని రాసిన మనిషి పదిన్నరకు రెండు కావచ్చు, నాలుగూ కావచ్చు. మళ్లీ చూడకపోతే తప్పు నాది.

అదే ఫారం చివర్లో ఇంకో గడి ఉంది. పేషెంటు చెప్పకుండా వెళ్లిపోయే ప్రమాదం ఉందా, లేదా? మతిమరుపు వచ్చిన ముసలివాళ్ల కోసం, మనసు బాగోలేక వచ్చినవాళ్ల కోసం పెట్టిన గడి అది. టిక్కు పెడితే చేతికి ఆరెంజి బ్యాండు కడతారు. మంచం నర్సుల కౌంటరు ఎదురుగా వేస్తారు. బాత్‌రూముకి ఒంటరిగా పంపరు. ఈ గడికి మాత్రం ఇన్ని నిమిషాలకోసారి మళ్లీ చూడాలన్న నియమమేమీ లేదు.

2024 రంజాన్ నెల. ఇఫ్తార్ అయిన గంటకు ఎమర్జెన్సీ ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. షుగర్ పెరిగినవాళ్లు, కడుపునొప్పులు, రోడ్డు ప్రమాదాలు. ఆ రద్దీలో ఒక మహిళా గార్డు ఒక మనిషిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. బయట తలుపు దగ్గర ఒక పోలీసు నిలబడ్డాడు. షుమైసీ నుంచి వచ్చారు. జెద్దా నుంచి మక్కా వెళ్లే దారిలో ఉన్న తర్హీల్ అది. మనవాళ్ల భాషలో డిపోర్టేషన్ జైలు. జ్వరం 39.4, నాడి 118, నడుం పక్కన తట్టితే ఎగిరిపడుతోంది. మూత్రపిండాల ఇన్ఫెక్షను అని చూడగానే అర్థమైంది. మూడో నంబరు వేశాను. కాలికి గొలుసు ఉంది. ఏం చేసిందని గార్డుని అరబ్బీలో అడిగాను.

"హురూబ్" అంది. ఒక్క మాట.

హురూబ్ అంటే పారిపోవడం. నా పెన్ను కిందికి జారి ఆ గడిలో టిక్కు పెట్టేసింది. అప్పటికి పేషెంటు ముఖం కూడా సరిగా చూడలేదు. పాస్‌పోర్టు కాపీలో ఇండియా అని, పుట్టిన ఊరు దగ్గర కడప అని చూసింది టిక్కు పెట్టాకే.

గల్ఫ్ తెలియని చదువరుల కోసం కొంచెం ఆగుతాను. ఇక్కడ విదేశీ పనిమనిషి కాగితాలన్నీ కఫీల్ చేతిలో ఉంటాయి. ఆమె ఇంట్లోంచి పారిపోయిందని కఫీల్ ప్రభుత్వ వెబ్‌సైటులో కూచున్నచోటు నుంచే నమోదు చేయొచ్చు. దాని పేరే హురూబ్. నమోదు చేసేముందు ఆమెని పిలిచి, ఏమ్మా, నిజమేనా అని అడిగేవాళ్లు లేరు. అప్పట్లో ఆ రోజు నుంచి ఆమె అకామా చెల్లేది కాదు. ఇంకోచోట పని చేస్తే నేరం, మామూలుగా టికెట్టు కొనుక్కుని ఇంటికి పోదామన్నా కుదిరేది కాదు. వీధిలో పట్టుబడితే తర్హీల్, వేలిముద్రలు, దేశం నుంచి పంపేయడం, మళ్లీ రాకుండా నిషేధం. నిజంగా పారిపోయినవాళ్లూ ఉంటారు, ఎందుకు పారిపోయారన్నది వేరే కథ. కానీ ఇవ్వాల్సిన జీతం ఎగ్గొట్టడానికి, టికెట్టు డబ్బులు మిగుల్చుకోవడానికి, అకామా ఫీజు తప్పించుకోవడానికి పెట్టే హురూబులు ఎన్నో ఇక్కడి మనవాళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు మగవాళ్లు ఇలా కాగితాలు పోగొట్టుకున్నవాణ్ని "ఖల్లివెల్లి అయిండు" అంటారు. మగవాళ్లకి కనీసం ఒక గది, పదిమంది స్నేహితులు ఉంటారు. ఖద్దామాగా వచ్చిన ఆడమనిషికి ఆ ఇంటి గేటు దాటితే ఎవరూ లేరు. పైగా సౌదీ కార్మిక చట్టం ఇంటిపనివాళ్లకి వర్తించదు. వాళ్ల కోసం 2013లో విడిగా నియమాలు పెట్టారు. రోజుకు కనీసం 9 గంటల విశ్రాంతి, వారానికి ఒక సెలవు అని వాటిలో ఉండేది. 2014 జనవరిలో మన ప్రభుత్వానికీ ఇక్కడి ప్రభుత్వానికీ ఇంటిపనివాళ్ల గురించి ఒప్పందమూ అయింది. ఉన్నాయి, కాదనను.

రాత్రి ఒంటిగంట దాటాక రద్దీ తగ్గింది. డ్రిప్ మార్చడానికి వెళ్లాను. "అక్కా, నీది మనూరేనా?" అంది. నా మెడలో సన్నటి గొలుసు, నుదుటి మీద చుక్క చూసి కనిపెట్టిందట.

"బాపట్ల. మరి నీది?"

"రాయచోటి కాడక్కా."

ఆ జబ్బుకి ప్రతి అరగంటకీ బాత్‌రూముకి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లినా మంట. అప్పటికి నాలుగుసార్లు అడిగిందట. ఆరెంజి బ్యాండు చూసి ప్రతిసారీ మంచంలోనే బెడ్‌పాన్ పెట్టారు. మంచం కౌంటరు ఎదురుగా ఉంది, దారిన వచ్చేపోయేవాళ్లు ఉన్నారు, కాలికి గొలుసు ఉంది కాబట్టి తెర పూర్తిగా మూసుకోదు. మా డ్యూటీ డాక్టరు సూడాన్ నుంచి వచ్చినాయన, మంచివాడు. ఆయన గొలుసు తీయమని గార్డుని అడగబోయి, చేతికి బ్యాండు చూసి, "ఓహో" అని ఊరుకున్నాడని నా పక్క నర్సు చెప్పింది. అది నా బ్యాండు. పోలీసు కట్టింది కాదు.

పాస్‌పోర్టు ప్రకారం ఆమెకి 39. ఆమె లెక్కలో 33. ఈ ఆరేళ్ల తేడా కూడా ఒక నియమం పుణ్యమే. పదో తరగతి పాసు కాని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 దాటాలని మన ప్రభుత్వ నిబంధన. ఆమె మంచికే పెట్టారు. ఆమె మొదటిసారి కువైట్ వెళ్లింది 24 ఏళ్లకు, ఏజెంటు కాగితంలో 30 చేశాడు. 2016 నుంచి ఇలాంటి ఆడవాళ్లని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఏజెంట్లు విజిట్ వీసా మీద మస్కట్‌కో దుబాయ్‌కో పంపి, అక్కణ్నుంచి దాటించడం మొదలుపెట్టారు. ఈమె సౌదీకి వచ్చింది మస్కట్ మీదుగానే. కాగితంలో వయసు మారిస్తే ఏమవుతుందో రిజానా నఫీక్ విషయంలో లోకం చూసింది. శ్రీలంకలోని మూతూర్ పిల్ల. పాస్‌పోర్టులో 1982లో పుట్టినట్టు రాసి ఉంది, జనన పత్రంలో 1988. 2005లో సౌదీ వచ్చి, తను చూసుకుంటున్న పసిబిడ్డ చనిపోయిన కేసులో ఇరుక్కున్నప్పుడు ఆమెకి 17 ఏళ్లు. కాగితం 23 అంది. 2013 జనవరి 9న మరణశిక్ష అమలు చేశారు.

మా రాయచోటి చెల్లెలికి ఏడు నెలలుగా జీతం లేదు. అడిగింది. అడిగితే మేడమ్ వాళ్ల అక్క ఇంట్లో కూడా పని చేయమన్నారు. చేయనని గేటు దగ్గరికి వెళ్లి కూచుంది, అంతే. గేటు దాటలేదు. కఫీల్ కొడుకు కారెక్కించుకుని పోలీసుల దగ్గర దింపి వెళ్లాడు. అక్కడ కంప్యూటర్లో చూస్తే ఆమె పేరున హురూబ్ పడి అప్పటికే రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ ఆమె అదే ఇంట్లో, అదే వంటగదిలో అంట్లు తోముతోంది.

"నేను యాడికీ పార్లేదక్కా," అంది. కోపంగా కూడా కాదు. అది చాలామందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా ఉంది.

ఇంటికి ఫోన్ చేస్తావా అని నా ఫోనిచ్చాను. ఇవ్వకూడదు, తెలుసు. గార్డు కుర్చీలో కునుకు తీస్తోంది. రాయచోటిలో అప్పుడు తెల్లవారుజాము నాలుగు దాటి ఉంటుంది. కూతురు ఎత్తింది. ఈమె గుసగుసగా మాట్లాడుతోంది. ఒక్క ముక్కా నాకు అర్థం కాలేదు. తమిళంలా ఉంది, తమిళమూ కాదు. ఫోను తిరిగిచ్చాక "మీరు అరవంవాళ్లా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత, "కాదక్కా. మా బాస అది. కుర్రు బాస," అంది.

ఎరుకల వాళ్లు. బాపట్లలో పుట్టినదానికి ఆ మాట ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఊరికీ చీరాలకీ మధ్యలోనే స్టువర్టుపురం స్టేషను. చిన్నప్పుడు పాసింజరు బండి ఆ స్టేషను దగ్గరపడుతుంటే పెట్టెలోని పెద్దవాళ్లందరూ ఒక్కసారిగా సర్దుకుని కూచునేవాళ్లు. ట్రంకు పెట్టెలు కాళ్ల కిందికి జరిగేవి, కిటికీ పక్క పిల్లల చెవులకున్న పోగుల మీద తల్లుల చేతులు పడేవి. మా అమ్మా అంతే. ఏం జరగలేదెప్పుడూ. నా చిన్నతనం మొత్తంలో ఆ స్టేషనులో మా వస్తువు ఒక్కటీ పోలేదు. అయినా ప్రతిసారీ సర్దుకుని కూచునేవాళ్లం.

ఆమె "కుర్రు బాస" అన్నప్పుడు నా హ్యాండ్‌బ్యాగు మంచం పక్కన స్టూలు మీద ఉంది. నా చెయ్యి దానంతటదే వెళ్లి బ్యాగు జిప్పు లాగి, బ్యాగుని నా చంకకి తెచ్చుకుంది. ఎదురుగా ఉన్న మనిషికి 39 డిగ్రీల జ్వరం, ఒక చేతికి సూది, కాలికి గొలుసు. ఆమె చూసింది. చూసి తల తిప్పుకుంది. నేను రాయడానికి ఇన్నాళ్లు వెనకాడింది ఈ నాలుగు వాక్యాల కోసమే.

నేను కుర్చీ లాక్కుని కూచున్నాను. సిగ్గు వల్ల కూచున్నానేమో. ఆవిడే చెప్పింది. "మా జేజినాయన కాలంలో గూడా ఇట్లేనంటక్కా. రాత్రయితే మునసబు కాడికి పోయి హాజరు చెప్పల్ల. ఈతాకు కోసుకొచ్చేదానికి పక్కూరికి పొయ్యి పొద్దుపోతే, ఎరుకలోడు పారిపోయినాడని రాసుకునేవాళ్లంట. మా జేజి చెప్పేది."

ఆ జేజి మాటలో అబద్ధమేమీ లేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఎరుకల వాళ్లు అంతకుముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరానికీ మెట్ట ఊళ్లకీ మధ్య తిరిగే వర్తకులు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, ఆ వ్యాపారం పోయింది. తిరగడం మాత్రం మానలేదు కాబట్టి తిరగడమే నేరమైంది. చట్టంలో పేరెక్కినవాడు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. అతను ఏం దొంగిలించాడన్నది ప్రశ్న కాదు. పిలిచినప్పుడు అక్కడ ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి అప్పగించి పెట్టిన సెటిల్‌మెంటు మా స్టువర్టుపురం. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు మీద. అక్కడివాళ్లు చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనికి వెళ్లేవాళ్లు. మీనా రాధాకృష్ణ రాసిన పుస్తకం చదివాక అర్థమైంది, పక్కనున్న కంపెనీకి కదలకుండా దొరికే కూలీలు కావడం కూడా ఆ కట్టడిలో భాగమేనని. చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు. మా పాసింజరు బండిలో ట్రంకు పెట్టెలు కాళ్ల కిందికి జరగడం 1980ల సంగతి.

ఆ వారంలోనే ఒక సెలవురోజు మా పిన్ని కూతురితో ఫోనులో ఇదంతా చెప్పాను. అది కెనడాలో సస్కచవాన్ రాష్ట్రంలో సోషల్ వర్కరు. "అక్కా, ఆ గడి మీ దగ్గరే కాదు, ఇక్కడా ఉంది, ఇంకా పెద్దది," అంది. అది చెప్పింది, తరవాత నేను చదివింది కలిపి రాస్తాను.

కెనడాలో రెండేళ్లు, ఆపైన శిక్ష పడ్డవాళ్లు కేంద్ర ప్రభుత్వ జైళ్లకి వెళతారు. అక్కడ లోపలికి రాగానే మనిషికి మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని బట్టి మినిమమ్, మీడియమ్, మాగ్జిమమ్ అని భద్రతా తరగతి. 1980ల చివర్లో, ఎక్కువగా మగ ఖైదీల లెక్కల మీద తయారైన కొలబద్ద అది. చేసిన నేరం ఎంత పెద్దది, శిక్ష ఎన్నాళ్లు అన్నవి ఉంటాయి సరే. వాటితోపాటు ఇంతకుముందు ఎప్పుడైనా తప్పించుకుందా, తాగుడు ఉందా, మొదటిసారి జైలుకు వచ్చినప్పటి వయసెంత, బయట బతుకు ఎంత నిలకడగా ఉంది అన్నవాటికీ మార్కులుంటాయి. ఈ చివరిదాని మీదే నా మనసు ఆగిపోయింది. నిలకడైన ఇల్లు, నిలకడైన ఉద్యోగం, నిలకడైన చదువు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లలోంచి లాక్కెళ్లి రెసిడెన్షియల్ బడుల్లో పెట్టిన దేశం అది. ఆ బడుల్లో చివరివి మూతపడింది 1990ల్లో. అలాంటి ఇంట్లో పెరిగిన ఆడమనిషిని పిలిచి, నీ బతుకులో నిలకడ ఉందా అని అడిగి, లేదు కాబట్టి నువ్వు ప్రమాదకరం అని మార్కు వేస్తే? ఆమెకి జరిగినదంతా ఆమె చేసినట్టు లెక్కలోకి వస్తుంది.

దేశంలో ఆడవాళ్లలో ఆదివాసీలు ఇరవైమందిలో ఒకరు. కేంద్ర జైళ్లలోని ఆడవాళ్లలో దాదాపు సగం వాళ్లేనని అక్కడి జైళ్ల విచారణాధికారి 2021 చివర్లో ప్రకటించాడు. మాగ్జిమమ్ తరగతిలో వాళ్ల వాటా ఇంకా పెద్దది. ఈ కొలబద్ద ఆదివాసీ స్త్రీలకు అన్యాయం చేస్తోందని ఆ దేశపు మానవ హక్కుల కమిషనే 2003లో నివేదిక ఇచ్చింది. 2018లో సుప్రీంకోర్టు ఎవర్ట్ అనే మెటీ ఖైదీ కేసులో, ఆదివాసీల విషయంలో సరిగ్గా పనిచేస్తాయని రుజువులేని మానసిక పరీక్షల్ని వాడటం జైళ్ల శాఖ తప్పేనంది. ఆ కేసు పరీక్షలు వేరు, నేను చెప్పే మార్కుల పట్టీ వేరు. కానీ ప్రశ్న ఒకటే. ఎవర్ని చూసి చేసిన కొలబద్దతో ఎవర్ని కొలుస్తున్నారు?

తరగతి ఒక పేరు మాత్రమే కాదు. మా చెల్లెలు ఉన్న రాష్ట్రంలోనే మేపుల్ క్రీక్ దగ్గర, నెకనీట్ ఆదివాసుల నేల మీద 1995లో ఒకిమా ఓచీ అని ఒక హీలింగ్ లాడ్జి కట్టారు. చుట్టూ కంచె లేని జైలు, ఆదివాసీ పెద్దవాళ్లుంటారు, ఆడవాళ్లు పసిపిల్లల్ని దగ్గర పెట్టుకోవచ్చు. ఆదివాసీ స్త్రీలు అడిగి అడిగి సాధించుకున్న చోటు. మాగ్జిమమ్ అని మార్కు పడ్డ మనిషికి అక్కడ ప్రవేశం లేదు. అంటే ఎవరి కోసం కట్టారో వాళ్లలో చాలామందిని ఆ మార్కులే గుమ్మం బయట ఆపేశాయి. ఆ విషయం చెప్పినప్పుడు, బాత్‌రూము గుమ్మం దాకా కూడా పోనివ్వని నా ఆరెంజి బ్యాండు గుర్తొచ్చింది.

రెండూ ఒకటే అనడం లేదు. కెనడా ఖైదీకి కోర్టు తీర్పు ఉంది, వకీలు ఉన్నాడు, తరగతిని ఎప్పటికప్పుడు తిరిగి చూడాలన్న నియమం ఉంది, తప్పని నిలదీసే కమిషన్లున్నాయి. తర్హీల్‌లో ఉన్న మనిషికి ఏ కోర్టూ ఏ శిక్షా వేయలేదు. ఆమె ఎవరి మీదా నేరం చేసిందని కూడా ఎవరూ అనలేదు. లేదు అన్నారు, అంతే. ఇంట్లో లేదు, పనిలో లేదు. అలాగని కొలబద్దలే వద్దనీ నేననను. కొలబద్ద లేని ఎమర్జెన్సీ ఎలా ఉంటుందో చూశాను. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు ముందు లోపలికి పోతారు. మా రాయచోటి చెల్లెలు అరవలేదు. ఆ మూడో నంబరు లేకపోతే తెల్లారేదాకా ఆ చక్రాల కుర్చీలోనే ఉండేది.

ఆమె వెళ్లిపోయిన ఆరేడు నెలలకు, 2024 అక్టోబరు 3న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులూ గదులూ పంచడం మీద వేసిన కేసు. తీర్పు గురించి వచ్చిన వార్తలు చదువుతుంటే ఒకచోట కళ్లు నిలబడిపోయాయి. కొన్ని రాష్ట్రాల జైలు నియమాల్లో, సంచార తెగలవాళ్లకి పారిపోయే స్వభావం సహజంగా ఉంటుందన్న మాట ఇంకా ఉందట. సంచార తెగలవాళ్లనీ ఒకప్పుడు నేరస్థ తెగలని ముద్రపడ్డవాళ్లనీ జైలు బయటి పనులకు పంపకూడదన్న నియమాలూ ఉన్నాయట. చట్టం రద్దయి 72 ఏళ్లయింది. కోర్టు అలాంటివన్నీ కొట్టేసి, మూడు నెలల్లో నియమాలు మార్చమంది. పారిపోయే స్వభావం! హురూబ్‌కి ఇంతకంటే సరైన తెలుగు నేను చెప్పలేను.

ఆ రాత్రి సంగతికి వస్తాను. నాలుగున్నరకి, సహర్ తినడానికి అందరూ లేచిన వేళ, ఫారం తీసి మళ్లీ చూశాను. టిక్కు పెట్టడానికి కారణం రాయాల్సిన చోట నేనేమీ రాయలేదు. ఖాళీ. పన్నెండేళ్ల సర్వీసులో ఎవరి ఫారంలోనూ ఆ చోటు ఖాళీగా వదల్లేదు, జూనియర్లు వదిలితే కేకలేశాను. కింద కొత్త వరస రాశాను. పేషెంటుకి తెలివి స్పష్టంగా ఉంది, వైద్యానికి ఒప్పుకుంది, వెళ్లిపోయే ప్రమాదం లేదు, టైము, నా సంతకం. డాక్టరు చదివి సంతకం పెట్టాడు. ఆరెంజి బ్యాండు కత్తెరతో కత్తిరించాను. గార్డు నిద్ర లేచి చూసి నవ్వింది. "బ్యాండు మీది, గొలుసు మాది," అంది.

నిజమే. గొలుసు ఉండిపోయింది. కానీ కాసేపటికి ఆ గార్డే లేచి, గొలుసు మంచం వైపు కొస విప్పి తన మణికట్టుకి చుట్టుకుని, ఆమెని బాత్‌రూముకి నడిపించుకెళ్లింది. బయట నిలబడి తలుపు మూసింది. బ్యాండు ఉన్నంతసేపూ ఆ గార్డు అలా చేయకపోవడానికి కారణం పోలీసులా, మేమా అని నేను అడగలేదు. మూడోరోజు జ్వరం తగ్గి, మాత్రలిచ్చి పంపేశాం. తిరిగి షుమైసీకే.

జూన్ నెలలో ఇండియా నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. తిరిగి చేస్తే ఆమే. కాన్సులేటు వాళ్ల అవుట్‌పాస్ మీద వచ్చిందట. వేలిముద్రలు పదీ తీసుకుని పంపారట. ఏడు నెలల జీతం సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కూతురు ఇంటర్లో చేరిందని చెప్పింది. మళ్లీ కువైట్ వెళ్లాలనుకుంటోందట. వెళ్లొద్దమ్మా అనబోయి ఊరుకున్నాను, నేనేం ఇక్కడ తీర్థయాత్రకి వచ్చానా.

"అక్కా, ఒక మాట. ఆసుపత్రి కాగితాల్లో నా మీద ఏమన్నా రాసినారా? కువైట్ వీసాకి అడ్డమొస్తాదేమోనని."

"ఏం లేదమ్మా. జ్వరం, కిడ్నీ ఇన్ఫెక్షను. అంతే రాశాం."

"అంతేనా?"

"అంతే."

రెండో వరస ఎంత బాగా రాసినా మొదటి టిక్కు అలాగే ఉంటుంది. ఫారంలో ఏదీ చెరపకూడదన్నది మా నియమం. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి, అంతే. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

కార్నిష్ గురించి వచ్చే నెల.